‘ఛార్జింగ్ అయిపోయింది’ అంటే నిండినట్టా, దిగినట్టా?

ప్రశ్న: మా పాలిటెక్నిక్‌లో డ్రోన్లు, చిన్న రోబోలు చేసే విద్యార్థుల కోసం లిథియం అయాన్ సెల్స్ ఛార్జ్ చేసే బల్ల ఒకటి ఏర్పాటు చేశాం. ఒక డబ్బా మీద ‘ఛార్జింగ్ అయిపోయిన సెల్స్ ఇందులో వేయండి’ అని రాశాను. కొందరు నిండినవి వేశారు, కొందరు వాడేసినవి వేశారు. ఎవరిది తప్పు? ‘మూడు సెల్స్‌ను వరసగా పెట్టి ఛార్జ్ చేయాలి’ అని రాసిన కాగితంతోనూ ఇదే గొడవ. ఎలా రాయాలి?
– ఒక అధ్యాపకురాలు

జవాబు: పిల్లల తప్పు లేదమ్మా. ఇద్దరూ సరిగ్గానే చదివారు. ఆ వాక్యానికి తెలుగులో రెండు అర్థాలూ ఉన్నాయి.

‘అయిపోవు’ పని పక్కన చేరితే ముగిసిందని, సరుకు పక్కన చేరితే మిగల్లేదని చెబుతుంది. వంట అయిపోయింది, పరీక్షలు అయిపోయాయి: ఇవి పనులు. బియ్యం అయిపోయాయి, గ్యాస్ అయిపోయింది: ఇవి సరుకులు. పక్కనున్న మాటను బట్టి అర్థం తేలిపోతుంది కనుక రోజూ వాడుతున్నా మనకు తడబాటు రాదు. ఆ మాటే పనికీ సరుకుకూ పేరైతే మాత్రం చిక్కు. పెళ్లికి ఆలస్యంగా వెళ్లినవాళ్లు ‘భోజనాలు అయిపోయాయా?’ అని అడుగుతారు. ‘అయిపోయాయి’ అని జవాబొస్తే, అందరూ తిని లేచారనుకోవాలా, గిన్నెలు ఖాళీ అనుకోవాలా? తెలంగాణ పలుకుబడిలో ‘ఒడిసింది’ అన్నా ఇంతే: పని ఒడిసింది, బియ్యం ఒడిసినయ్.

‘ఛార్జింగ్’ అలాంటి మాటే. ఇంగ్లీషులో అది పని పేరు. మనం దాన్ని సరుకుగా కూడా చేసుకున్నాం. ఛార్జింగ్ ఎంతుంది, ఛార్జింగ్ లేదు, కొంచెం ఛార్జింగ్ మిగిలింది అంటాం. ఇది తప్పు ఇంగ్లీషని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. మాట మనింటికి వచ్చాక మన వాడుకే దానికి వ్యాకరణం.

ఫోన్ దగ్గర ఈ తికమక వల్ల నష్టం లేదు, తెర చూస్తే తెలిసిపోతుంది. మీ బల్ల మీది సెల్‌కు తెర లేదు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవున్న ఆ 18650 సెల్ నిండినా దిగినా చేతికి ఒకేలా ఉంటుంది. డబ్బాలోంచి 4.2 వోల్టుల నిండు సెల్ ఒకటి, 3.2 వోల్టులకు దిగినది ఒకటి తీసి, ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపారనుకోండి (దీన్నే ప్యారలల్ అంటారు). ఛార్జర్ ఆన్ చేయకముందే నిండు సెల్ నుంచి దిగిన సెల్‌లోకి కరెంటు దూకుతుంది. రెండింటి లోపలి నిరోధం కలిపి 0.1 ఓమ్ అనుకుంటే, ఆ ఒక్క వోల్టు తేడాకే 10 ఆంపియర్లు. 2600 మిల్లీ ఆంపియర్ అవర్ సెల్‌ను నిదానంగా ఛార్జ్ చేయాలంటే 1.3 ఆంపియర్లు చాలు. మీ ప్రశ్న చదివి నాకు భయం వేసింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

దీనికి కొత్త పదం పుట్టించనక్కర్లేదు. ఛార్జింగ్ ‘ఎక్కుతుంది’, ‘దిగుతుంది’ అని ఇంట్లో అందరూ అంటున్నదే. మత్తు ఎక్కినట్టు, జ్వరం దిగినట్టు. ఈ జంటలో అనుమానానికి చోటు లేదు. ‘ఎక్కినవి’ అంటే సగం ఎక్కినవి కూడా అనుకోవచ్చు కాబట్టి ఆ డబ్బాకు ‘ఫుల్’ చేర్చండి. రెండో డబ్బా మీద ‘ఖాళీ’ అని మాత్రం రాయకండి. లిథియం సెల్‌ను నిజంగా ఖాళీ చేస్తే పాడవుతుంది. 3 వోల్టుల దగ్గరే వాడకం ఆపేయాలని మీరే నేర్పుతారు కదా, గోడ మీద మాట దానికి ఎదురు పలకకూడదు.

ఇక ‘వరసగా’. దీనికి ఒకదాని తర్వాత ఒకటి అనే అర్థమూ ఉంది, బారుగా పేర్చి అనే అర్థమూ ఉంది. మీరనుకున్నది సిరీస్, అంటే ఒక సెల్ ప్లస్‌ను ఇంకో సెల్ మైనస్‌కు కలపడం. అలా కలిపితే వోల్టులు కూడుతాయి. తెలుగు మీడియం పుస్తకాల్లో శ్రేణి, సమాంతరం అని చదివాం, మంచి మాటలే. కానీ ఛార్జర్ తెర మీద కనిపించే మాటే గోడ మీదా ఉండాలి. సిరీస్, ప్యారలల్, బ్యాలెన్స్ (సిరీస్‌లోని సెల్స్ అన్నిటి వోల్టులనూ సమానంగా ఉంచడం) అనే రాయండి. ‘పక్కపక్కన’, ‘బారుగా’ వద్దు, అవి సెల్స్ ఎలా పడుకున్నాయో చెబుతాయి, ఎలా కలిశాయో చెప్పవు. టీవీ రిమోట్ మూత తీసి చూడండి. రెండు సెల్స్ పక్కపక్కనే, తలలు చెరో వైపుకు పెట్టి ఉంటాయి. అయినా ఆ కలయిక సిరీసే. చూపును నమ్మి దాన్ని ప్యారలల్ అనుకునే విద్యార్థి, ప్యారలల్‌గా కలిపిన మూడు సెల్స్‌ను సిరీస్ అనుకుని ఛార్జర్‌ను 12.6 వోల్టులకు పెట్టినా పెడతాడు. ప్యారలల్‌లో వోల్టులు కూడవు, వాటికి కావలసింది 4.2. నిప్పు అంటుకునే తేడా అది.

ఇంకో మాట. ఉత్త ‘సెల్’ అంటే ఇప్పుడు చాలామందికి ఫోనే. ‘ఇక్కడ సెల్ ఛార్జింగ్ పెట్టరాదు’ అని రాస్తే ఫోన్ తీసేసి వెళ్తారు. ‘లిథియం సెల్’ అనండి. బహువచనం సెల్స్ అన్నా సరే, బిల్లులు, బెల్లులు లాగా సెల్లులు అన్నా సరే. ‘మూడు సెల్లుల బ్యాటరీ లైటు’ అని మన పెద్దవాళ్లు టార్చిని పిలిచేవారు. సెల్ ఒక్కటి, బ్యాటరీ కొన్ని సెల్స్ కూడిక అన్న తేడా ఆ పిలుపులో ఎంత చక్కగా ఉందో చూడండి.

మీ బల్లకు నేనైతే ఇలా రాస్తాను:

మొదటి డబ్బా: ‘ఫుల్‌గా ఛార్జింగ్ ఎక్కిన లిథియం సెల్స్ – 4.2 వోల్టులు’.

రెండో డబ్బా: ‘ఛార్జింగ్ దిగిన లిథియం సెల్స్ – ఛార్జ్ చేయాలి’.

గోడ మీద: ‘ప్యారలల్‌గా కలిపే ముందు ప్రతి సెల్‌కూ మీటరు పెట్టి చూడండి. వోల్టులు సమానంగా లేకపోతే కలపకండి. సిరీస్ అంటే ఒకదాని ప్లస్‌కు ఇంకోదాని మైనస్. సిరీస్‌లో ఉన్నవాటికి బ్యాలెన్స్ వైరు తప్పకుండా పెట్టండి. ఛార్జ్ అవుతున్నంతసేపూ మనిషి దగ్గరుండాలి.’