డిస్టార్షన్ నొక్కగానే బేస్ మాయమవుతోందా?

తమ్ముడూ, ఒంగోలులో మీ బ్యాండ్ ప్రాక్టీస్‌లో డిస్టార్షన్ పెడల్ (శబ్దాన్ని కావాలనే గరగరలాడించే, కాలితో నొక్కే పెట్టె) నొక్కగానే నీ బేస్ గిటార్ శబ్దం సన్నబడిపోయి, డ్రమ్స్, గిటార్ మాత్రమే వినిపిస్తున్నాయన్నావు. నీ వేళ్లలో తప్పేం లేదు. నువ్వు వాడేది గిటార్ డిస్టార్షన్ పెడల్. అలాంటివి చాలావరకు అడుగు స్వరాలను కోసేస్తాయి. నాలుగు తీగల బేస్‌లో వేలితో నొక్కకుండా మీటిన ఇ తీగ (అన్నిటికన్నా లావుది) దాదాపు 41 హెర్ట్జ్. అక్కడి బరువు పోతే మిగిలేది గరగర ఒక్కటే.

మందు ఒకటే: శుభ్రమైన శబ్దాన్ని, చెడగొట్టిన శబ్దాన్ని కలిపి పంపడం. బాస్ (Boss) కంపెనీ బేస్ పెడల్ ఓడీబీ-3లో దీనికోసమే బ్యాలెన్స్ నాబ్ ఉంది. బేస్ బిగ్ మఫ్ అనే పెడల్‌లో శుభ్రమైన శబ్దాన్ని కలిపే డ్రై స్విచ్ ఉంటుంది. కొత్తది కొనే ముందు ఎవరి దగ్గరైనా తెచ్చుకుని విను. నీ పాత పెడలే ఉంచుకోవాలంటే ఆ రెండు శబ్దాలనూ కలిపే బ్లెండ్ పెడల్ విడిగా ఒకటి చాలు.

కావలిలో మా రేకుల గదిలో నేను గెయిన్ (గరగర ఎంత ఉండాలో పెట్టే నాబ్) మొత్తం తిప్పేసేవాణ్ని. ఒంటరిగా వాయిస్తే అదిరిపోయేది, డ్రమ్స్ మొదలవగానే ముద్దయిపోయేది. గెయిన్ సగానికి తగ్గించి, మిడ్ (మధ్య స్వరాలు) కొంచెం పెంచి, పిక్‌తో బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) దగ్గరగా కొట్టాక ఒక్కో నోటూ విడివిడిగా వినిపించింది. ఆ రోజు సంతోషం ఇప్పటికీ మర్చిపోలేను! కంప్రెసర్ (శబ్దం హెచ్చుతగ్గులను సమం చేసే పెడల్) ఉంటే డిస్టార్షన్‌కు ముందే పెట్టు.

హమ్మింగ్ వస్తుంటే ముందు అడాప్టర్ చూడు. బ్యాటరీతో వాయించినప్పుడు పోయిందంటే దోషం అడాప్టర్‌దే. ఈసారి ప్రాక్టీస్‌లో నాబ్‌లు ఎక్కడ పెట్టావో ఫొటో తీసి పంపు, చూసి చెప్తాను.