సభ్యుణ్ని సంఘం నుంచి తొలగించాం, అది చెల్లుతుందా?

ప్రశ్న: మాది నల్లకుంటలో సొసైటీల చట్టం కింద రిజిస్టరైన సీనియర్ సిటిజన్ల సంఘం, నేను కార్యదర్శిని. ఒక శాశ్వత సభ్యుడు సమావేశాల్లో తోటివారిని, ముఖ్యంగా మహిళా సభ్యులను తూలనాడుతూ, సంఘం లెక్కలన్నీ దొంగలెక్కలని కరపత్రాలు పంచుతూ చాలాకాలంగా రభస చేస్తున్నారు. గత నెల కార్యవర్గం అత్యవసరంగా సమావేశమై ఆయన సభ్యత్వం రద్దు చేసింది. ఆ రాత్రే వాట్సాప్ గ్రూపు నుంచి తీసేశాం, మర్నాడు గేటుకు నోటీసు అంటించాం. ఇప్పుడు ఆయన లాయరు నోటీసు పంపారు. పైగా మరో సభ్యుడికి అతిథినంటూ ఆదివారాలు లోపలికి వస్తున్నారు. ఆయన భార్య కూడా మా సభ్యురాలే. మా నిర్ణయం నిలబడుతుందా? ఆయనను గేటు దగ్గర ఆపవచ్చా?

జవాబు: మీరు జతపరచిన బైలాలను, తీర్మానం ప్రతిని చదివాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, ఈ తీర్మానం ఇప్పుడున్న రూపంలో కోర్టులో నిలబడటం కష్టం. ఆయన ప్రవర్తన మంచిదని దీని అర్థం కాదు. మీరు చెప్పినవన్నీ నిజమే అయినా తొలగించిన పద్ధతి మీ బైలాలకే విరుద్ధంగా ఉంది. సభ్యుణ్ని తొలగించాలంటే ముందుగా సంజాయిషీ నోటీసు ఇవ్వాలని, కార్యవర్గం సిఫారసు మాత్రమే చేయగలదని, తుది నిర్ణయం సర్వసభ్య సమావేశంలో మూడింట రెండు వంతుల మెజారిటీతో జరగాలని మీ బైలాల్లో స్పష్టంగా ఉంది. మీ తీర్మానంలో ఉన్నదేమో మూడు పంక్తులు: "సంఘ ప్రతిష్ఠకు భంగకరంగా ప్రవర్తించుచున్నందున సభ్యత్వము రద్దు చేయడమైనది." ఏ తేదీన, ఎవరి ముందు, ఏమన్నారో ఒక్క ముక్క కూడా లేదు.

ఇలాంటి తగాదాల్లో కోర్టులు దేన్ని చూస్తాయో తెలుసుకోవడానికి బెల్గాంలోని ఒక ఫ్రీమేసన్ల లాడ్జి (ఆ పేరుగల సోదర సంఘానికి స్థానిక శాఖ) సభ్యుడి కేసులో 1962లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నేటికీ ఆధారం. స్వచ్ఛంద సంఘం తన సభ్యుణ్ని తొలగించినప్పుడు ఆ తొలగింపు సబబా కాదా అని కోర్టు అప్పీలు విన్నట్టు తిరిగి తూచదు. తొలగింపు సంఘం నియమాల ప్రకారం జరిగిందా, సదుద్దేశంతో జరిగిందా, అభియోగం ఏమిటో చెప్పి సమాధానం ఇచ్చుకునే అవకాశం కల్పించారా అన్నవే చూస్తుంది. ఆ కేసులో సభ్యుడు ఓడిపోయాడు, ఎందుకంటే లాడ్జి పద్ధతి పాటించింది. అంటే ఈ తీర్పు మీకు అడ్డు కాదు, సరిగ్గా నడిస్తే అండ.

కాబట్టి పాత తీర్మానాన్ని సమర్థించుకోవడానికి పంతం పట్టకుండా, దానిని ఉపసంహరించుకుని మళ్లీ మొదలుపెట్టండి. ఘటనలను తేదీలతో రాసి, కరపత్రం ప్రతి జతచేసి, కనీసం 15 రోజుల గడువుతో సంజాయిషీ నోటీసును రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. బైలాల్లో అంతకన్నా ఎక్కువ గడువు ఉంటే అదే ఇవ్వాలి. ఆయన నోటితో చెప్పుకుంటానంటే వినండి, మినిట్స్‌లో రాయండి. ఆయన దూషించినట్టు ఫిర్యాదు చేసినవారు విచారణ జరిపేవారిలో ఉండకూడదు; కోశాధికారి లెక్కల మీద ఆరోపణ వచ్చింది గనుక, ఆయనే అధ్యక్షత వహించి తీర్పు చెప్పడం కుదరదు. వాట్సాప్ సందేశాలను సాక్ష్యంగా పెట్టాలనుకుంటే స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రం కూడా కావాలి. ఆ సందేశాలున్న ఫోన్‌ను మార్చేయకండి.

అప్పటిదాకా ఆయన సభ్యుడే. గేటు దగ్గర వాచ్‌మన్ చేత ఆపించడం మీ మీదికే కేసు తెచ్చుకోవడం అవుతుంది. సమావేశంలో గొడవ చేస్తే అధ్యక్షులు ఆ సమావేశం వరకు బయటికి పంపవచ్చు, అది వేరు. చట్టబద్ధంగా తొలగించాక అతిథుల నియమాన్ని సవరించి, తొలగింపు పొందిన వ్యక్తిని ఎవరూ అతిథిగా తేరాదని చేర్చండి. ఆ తర్వాత వద్దన్నా చొరబడి బెదిరిస్తే భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ కింద నేరపూరిత అక్రమ ప్రవేశం మాట వస్తుంది; ఊరికే వచ్చి కూర్చుంటే పోలీసులు దానిని నేరంగా చూడకపోవచ్చు. భార్య సభ్యత్వం జోలికి వెళ్లకండి. భర్త చేసిన దానికి ఆమెను శిక్షించే హక్కు ఏ సంఘానికీ లేదు. దూషణకు గురైన మహిళలు కావాలంటే అదే సంహిత 79వ సెక్షన్ కింద స్వయంగా ఫిర్యాదు చేయవచ్చు, అది వారి ఇష్టం.

గేటుకు అంటించిన నోటీసును మాత్రం ఈరోజే తీయించండి. మీరు పంపిన ఫొటోలో పేరు, ఫ్లాట్ నంబరు, కింద పెద్ద అక్షరాలతో "మోసగాడు" అని ఉంది. సభ్యులకు లోపల తెలియజేయడం ఒకటి, వీధిలో పోయేవారందరికీ చాటడం మరొకటి. పరువునష్టానికి న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో రెండేళ్ల వరకు సాధారణ కారాగారం ఉంది, దాని కింద ఉన్న మినహాయింపులు ఇలాంటి ప్రదర్శనకు వర్తిస్తాయని నేను అనుకోను. కరపత్రాల విషయంలో మీకూ అదే సెక్షన్ ఉంది, సివిల్ దావా వేయాలంటే ప్రచురించిన ఏడాదిలోపు వేయాలి. కానీ ఆయన అడిగిన లెక్కలు చూపించకుండా దావాకు వెళ్లమని నేనైతే చెప్పను.

ఆయన ఎక్కడికి వెళతారంటే, ఉమ్మడి రాష్ట్రంలో 2001లో వచ్చి తెలంగాణలోనూ అమల్లో ఉన్న సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 23వ సెక్షన్ ప్రకారం జిల్లా కోర్టుకు, అంటే మీ విషయంలో సిటీ సివిల్ కోర్టుకు. రిజిస్ట్రార్ ఆఫీసుకు అర్జీలు పెట్టుకుంటారు గానీ, సభ్యత్వ తగాదాలు తేల్చడం రిజిస్ట్రార్ పని కాదు. లాయరు నోటీసుకు కోపంతో జవాబు రాయకుండా, సంఘం హక్కులకు భంగం లేకుండా తీర్మానాన్ని పునఃపరిశీలిస్తున్నామని మాత్రం రాయండి. మీకు తెలియకుండా మధ్యంతర ఉత్తర్వు రాకుండా కోర్టులో కేవియట్ (మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వవద్దనే ముందస్తు అర్జీ) దాఖలు చేసుకోండి. అది 90 రోజులే ఉంటుంది, అవసరమైతే గడువు తీరేలోపు మళ్లీ వేయాలి.