ప్రభుత్వ ఖర్చు గురించి ఇంగ్లీషులో రాసేటప్పుడు ఏ మాట పక్కన ఏ మాట వాడాలి?

మీరు ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో రాసే వ్యాసం కోసం అడిగారు. డబ్బు ఏ దశలో ఉందో చూసి క్రియను ఎంచుకోండి.

బడ్జెట్‌లో కేటాయించడం 'అలొకేట్ ఫండ్స్ టు'. ఫలానా పనికే అని విడిగా పెడితే 'ఇయర్‌మార్క్ ఫండ్స్ ఫర్'. శాఖ చేతికి డబ్బు అందితే 'రిలీజ్ ఫండ్స్'. కేటాయించినదంతా విడుదల కాదు కాబట్టి ఈ తేడా నిజంగా ముఖ్యం. 'శాంక్షన్' అంటే మన ఆఫీసుల్లో మంజూరే కానీ, దానికి ఆంక్షలన్న అర్థమూ ఉంది. పరీక్షలో 'అప్రూవ్ ఫండింగ్' రాయడం మేలు.

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది 'స్పెండ్ ఫర్ ఎడ్యుకేషన్' దగ్గర. చదువు కోసం ఖర్చు అనే అలవాటు అలా రాయిస్తుంది. 'స్పెండ్ ఆన్ ఎడ్యుకేషన్' అనే రాయండి.

ఖర్చు తగ్గిస్తే 'కట్ స్పెండింగ్', పెంచితే 'ఇంక్రీజ్' లేదా 'బూస్ట్'.

లోటు సంగతి కాస్త జాగ్రత్తగా చూడాలి. ప్రభుత్వం లోటుతో, అంటే రాబడికి మించిన ఖర్చుతో నడుస్తుంటే 'రన్ ఎ డెఫిసిట్'. లోటు పెరిగితే 'వైడెన్', తగ్గితే 'న్యారో'. 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో కేంద్రం ద్రవ్యలోటు అంచనాను జీడీపీలో 5.1 శాతంగా చూపింది, జులై బడ్జెట్‌లో 4.9కి దించింది. దీన్ని 'ద డెఫిసిట్ న్యారోడ్' అని రాస్తే తప్పు. అప్పటికి తగ్గింది లక్ష్యమే, ఏడాది లెక్క ఇంకా తేలలేదు. 'ద గవర్నమెంట్ లోయర్డ్ ఇట్స్ డెఫిసిట్ టార్గెట్' అనాలి.