మేతకు ముందు మేత పెట్టు

చి. సౌజన్యకు, విజయవాడ నుంచి మావయ్య దీవెనలు.

నీ ఉప్పునీళ్ల ట్యాంకులోని పగడాల ఫొటోలు చూశానమ్మా. లైట్లు మంచివే పెట్టావు. పగడం ఒంట్లో కాపురముండే సూక్ష్మ ఆల్గే ఆ వెలుతురుతో చక్కెర తయారుచేసి దానికి పెడుతుంది. కానీ ఒళ్లు పెరగడానికి కావలసిన నత్రజని, భాస్వరం చక్కెరలో ఉండవు. వాటికోసం పగడం, నీళ్లలో కొట్టుకొచ్చే బుల్లి జీవులైన ప్లాంక్టన్‌ను కూడా పట్టి తింటుంది. సన్ కోరల్ అనే పగడం కావాలంటున్నావు, ఇప్పుడే వద్దు. దానికి ఆ ఆల్గే ఉండదు, ఒక్కో నోటికీ మేత అందించాలి.

బాపట్ల వైపు రొయ్యల హేచరీల్లో పనిచేసిన అనుభవంతో చెప్తున్నా: ట్యాంకులో వేసే జీవికి ముందు నువ్వు మేత పెట్టు. మేతగా వాడే ఆర్టీమియా అనే రొయ్యలాంటి బుల్లి జీవి గుడ్లను 28 డిగ్రీల ఉప్పునీళ్లలో వేసి, గాలి బాగా కొట్టిస్తే ఒక్క రోజులో పొదుగుతాయి. తర్వాత గాలి ఆపి పది నిమిషాలు ఆగు. పెంకులు పైకి తేలతాయి, పొదగనివి అడుక్కి దిగుతాయి. పక్కన టార్చి వెలిగిస్తే నారింజరంగు పిల్లలన్నీ అటు చేరతాయి. సన్న పైపుతో లాగి, జాలీలో మంచినీళ్లతో కడుగు. పెంకు ఒక్కటీ రానీయకు, చిన్న చేపల పేగుల్లో అడ్డం పడుతుంది.

అప్పుడే పొదిగిన పిల్లలో సొన ఉంటుంది, వెంటనే వేసెయ్. ఆలస్యమైతే సొన కరిగి ఉత్త గుల్లే మిగులుతుంది. సుమారు పన్నెండు గంటలకు దానికి నోరు తెరుచుకుంటుంది, వెంటనే వేయకుండా ఉంచినవాటికి అప్పటినుంచి ఆల్గే తాగించు. నానోక్లోరాప్సిస్ అనే ఆల్గే ఒక్కటే సరిపోదు. అందులో ఈపీఏ అనే ఒమేగా-3 కొవ్వు ఉంది గానీ డీహెచ్ఏ అనే మరో ఒమేగా-3 కొవ్వు లేదు, ఆర్టీమియాలోనూ అది దాదాపు లేనట్టే. డీహెచ్ఏ ఉండే ఐసోక్రైసిస్ ఆల్గే కూడా కలుపు.

ఇక్కడి కాలవల్లో పట్టే డాఫ్నియా అనే మంచినీళ్ల బుల్లి జీవి గోల్డ్ ఫిష్‌కు సరే. నీ ఉప్పునీళ్లలో వేస్తే కాసేపటికే చచ్చి కుళ్లుతుంది.

లైట్లు ఆరి పగడాల చేతులు బయటికొచ్చాక మేత వెయ్. నీళ్లలోని మురికిని నురగగా తీసేసే స్కిమ్మర్ ఓ ఇరవై నిమిషాలు ఆపు, నీళ్లు తిప్పే పంపు మాత్రం ఆపకు. గుంటూరు ఎండల్లో మేత సగానికి తగ్గించు. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, మిగిలిన మేత కుళ్లితే ఉన్నదీ లాగేస్తుంది. ఆపైన కరెంటు పోయిందంటే తెల్లారేసరికి చేపలు దక్కవు.

నెలాఖరున వస్తాను. ఈలోగా వారానికోసారి నైట్రేటు, ఫాస్ఫేటు కొలిచి రాసిపెట్టు. ఆ అంకెలు చూశాకే మేత పెంచాలో తగ్గించాలో చెప్తాను.

మీ మావయ్య