ఆ ‘కానీ’ తీసేసి చూడు

ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్

తమ్ముడూ,

డెట్రాయిట్ టైగర్స్ జట్టు పాతకాలపు బేస్‌బాల్ వీరుడు టై కాబ్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి మామూలు పాఠకుడిలా, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. తెలుగులో బేస్‌బాల్ గురించి ఇంత శ్రద్ధగా రాసేవాళ్ళు చాలా తక్కువ, అందుకే నీ మెయిల్ చూసి నిజంగా సంతోషపడ్డాను. బ్యాటింగ్ సగటు అంటే మన క్రికెట్ సగటు కాదనీ, కాబ్ సగటు .366 అంటే వెయ్యి ప్రయత్నాల్లో 366 హిట్లనీ, పదింట మూడు కొట్టినా మంచి బ్యాటరేననీ ఒక్క పేరాలో విడమర్చి చెప్పావు చూడు, ఆ పేరాని మాత్రం ముట్టుకోకు.

ఇక నువ్వడిగిన ప్రశ్న. "అన్నా, ఆటని ఆటగా, మనిషిని మనిషిగా విడదీసి రాయాలా, కలిపి రాయాలా?" అన్నావు. నా జవాబు నీ మొదటి వాక్యం దగ్గరే మొదలవుతుంది. "టై కాబ్ మహా ఆటగాడే, కానీ మనిషిగా మంచివాడు కాదు" అని రాశావు. ఆ ‘కానీ’ తీసేయి. అక్కడ ఫుల్‌స్టాప్ పెట్టి, రెండో సంగతిని కొత్త వాక్యంగా రాయి.

చిన్న మాటే కదా అనుకోకు. ‘కానీ’ వచ్చిందంటే అక్కడో త్రాసు వేలాడదీసినట్టే. దాని ముందున్నది ఒక పళ్ళెంలో, వెనకున్నది ఇంకో పళ్ళెంలో పడతాయి, చదివేవాడు ఏది బరువో చూడటం మొదలుపెడతాడు. 4,189 హిట్లు ఒకవైపు, ఒక మనిషి తిన్న దెబ్బలు ఇంకోవైపు. ఈ రెండిటినీ తూచే రాళ్ళు ఎవరి దగ్గరున్నాయి? పోనీ తిప్పి, "మనిషి మంచివాడు కాదు, కానీ ఎంత గొప్ప ఆట!" అని రాశావనుకో, అప్పుడు దెబ్బలు తిన్నవాడు పాఠకుడి కళ్ళముందు నుంచి మాయమైపోతాడు. విడదీయడం అంటే ఒకటి చెప్పి ఇంకోటి దాచడం కాదు. రెండూ పూర్తిగా చెప్పడం, ఒకదాని బాకీ ఇంకోదానితో తీర్చకుండా ఉండటం.

ఆ ఘటన నీ వ్యాసంలో ఉంది. 1912 మే 15, న్యూయార్క్. స్టాండ్స్‌లో ఒకతను ఆటంతా కాబ్‌ని తిడుతూ ఉన్నాడు, తన పుట్టుకనే అవమానించాడని కాబ్ తరవాత చెప్పుకున్నాడు, చివరికి కంచె దాటి స్టాండ్స్‌లోకి ఎక్కి అతన్ని చితకబాదాడు. ఆ ప్రేక్షకుడు ప్రింటింగ్ ప్రెస్ ప్రమాదంలో ఒక చెయ్యి పూర్తిగా, ఇంకో చేతికి మూడు వేళ్ళు పోగొట్టుకున్నవాడు. లీగ్ కాబ్‌ని సస్పెండ్ చేస్తే, అతనంటే పెద్దగా ఇష్టం లేని సాటి ఆటగాళ్ళు కూడా అతని తరఫున సమ్మె చేశారు. జట్టు యాజమాన్యం ఫిలడెల్ఫియాలో దొరికినవాళ్ళని దొరికినట్టు పోగేసి ఆడిస్తే 24-2 తేడాతో ఓడారు. చివరికి కాబ్‌కి పడ్డ శిక్ష పది రోజుల సస్పెన్షన్, 50 డాలర్ల జరిమానా. ఇదంతా సరిగ్గానే రాశావు. ఇందులో ఒకటి వదిలేశావు, దాని దగ్గరికి చివర్లో వస్తాను.

నీ మూడో పేజీ చూసి మాత్రం నాకు టెన్షన్ వచ్చింది. "డెట్రాయిట్ వీధిలో తనమీద దాడి చేసిన ఒకణ్ణి కాబ్ కొట్టి చంపాడట" అని రాశావు. ఆ చివరి ‘ట’ని జాగ్రత్తగా చూడు. మన భాషలో ఇది ఎంత సౌకర్యమైన అక్షరమో! అబద్ధం మన నోటితోనే వస్తుంది, బాధ్యత మాత్రం ఇంకెవరిదో. ఆ కథకి మూలం అల్ స్టంప్ అనే పాత్రికేయుడు, కాబ్ చివరి రోజుల్లో అతని ఆత్మకథ రాసిపెట్టినవాడు. కాబ్ 1961లో చనిపోయాక ఇతను రాసినవాటిలో చాలా కథలు రుజువుకి నిలబడలేదు. ఆ కాలపు డెట్రాయిట్ శవపరీక్ష రికార్డులు తిరగేసి చూస్తే అలాంటి చావే కనపడలేదు. క్లీవ్‌లాండ్ హోటల్లో కాబ్ గొడవపడిన వాచ్‌మన్ నల్లజాతి మనిషని దశాబ్దాల పాటు పుస్తకాలు రాస్తూ వచ్చాయి. 2015లో వచ్చిన ఒక జీవితచరిత్ర కోసం జనాభా లెక్కల పత్రాలు తీసి చూస్తే ఆయన తెల్లవాడు.

ఈ తప్పు నేనూ చేశాను. చాలా ఏళ్ళ కిందట ఒక ఆదివారం సంచికకి కాబ్ మీద రాస్తూ ఆ హత్య కథ పెట్టాను, ఎందుకంటే అది బాగుంది, చదివించేస్తుంది, పైగా కాబ్ చెడ్డవాడని అందరికీ ‘తెలుసు’. ఒక పెద్దాయన, రిటైరైన చరిత్ర లెక్చరరు, ఉత్తరం రాశాడు: "దీనికి ఆధారం చూపించగలరా?" చూపించలేకపోయాను. ఆ ఉత్తరం ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. మంచివాడి గురించి రాసేటప్పుడు ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంటాం, చెడ్డవాడని పేరుపడ్డవాడి విషయంలో మాత్రం చెయ్యి వదులైపోతుంది. నువ్వు సరిగ్గా దానికి వ్యతిరేకంగా ఉండాలి. తప్పు మోపే వాక్యానికి రికార్డు మోపే వాక్యం కన్నా గట్టి ఆధారం కావాలి, ఎందుకంటే హిట్ల సంఖ్య తప్పుపడితే రేపు దిద్దుకోవచ్చు, హంతకుడన్న ముద్ర అంత సులువుగా పోదు.

అలాగని ఇటునుంచి అటు ఊగిపోకు. స్టంప్ అబద్ధాలు బయటపడ్డాయి కదాని కొందరు కాబ్‌ని సాధువుని చేసేస్తున్నారు. ఆయన తన ఊరు రాయ్‌స్టన్‌లో తల్లిదండ్రుల పేరుమీద ఆసుపత్రి కట్టించిన మాట నిజం, జార్జియా పిల్లల చదువుకి నిధి పెట్టిన మాట నిజం, 1952లో నల్లజాతి ఆటగాళ్ళకి ఆడే హక్కుందని బహిరంగంగా చెప్పిన మాట కూడా నిజం. 1912లో ఆ మనిషిని కొట్టిన మాటా నిజమే. ఇంకొక్కటి. 1905లో, కాబ్ మొదటి మేజర్ లీగ్ ఆటకి మూడు వారాల ముందు, వాళ్ళమ్మ చేతిలో తుపాకీ పేలి వాళ్ళ నాన్న చనిపోయాడు. అప్పటికి కుర్రాడికి 18 ఏళ్ళు. నువ్వు అది చెప్పి, వెంటనే "అందుకే అతను అంత కోపిష్ఠి అయ్యాడు" అని ముడిపెట్టావు. ఆ ‘అందుకే’ కూడా తీసేయి తమ్ముడూ. తండ్రి చావు చెప్పు, ఆగు. పాఠకుడి మనసు ఎలాగూ అటు వెళ్తుంది, వెళ్ళనీ. నువ్వు తోసుకుని తీసుకెళ్ళకు.

ఇప్పుడు కష్టమైన చోటికి వద్దాం. ఆటని, మనిషిని విడదీసి రాయమన్నాను కదా, కొన్నిచోట్ల అది కుదరదు. కుదరదని గుర్తుపట్టడమే పెద్ద పని.

క్యాప్ యాన్సన్ సంగతి చూడు. 19వ శతాబ్దంలో షికాగో జట్టుకి నాయకుడు. 1883లో టొలీడోలో (నేనుండే చోటినుంచి గంటకి కొంచెం పైనే ప్రయాణం), మళ్ళీ 1887లో న్యూఆర్క్‌లో, అవతలి జట్టులో నల్లజాతి ఆటగాడుంటే మేం దిగం అని పట్టుబట్టిన మనిషి. టొలీడోలో గేటు డబ్బులు పోతాయని తగ్గాడు, న్యూఆర్క్‌లో తన పంతం నెగ్గించుకున్నాడు. నల్లజాతి ఆటగాళ్ళని బయట ఆపిన గోడని అతనొక్కడే కట్టాడని అనను, దానికి చాలామంది ఇటుకలు మోశారు. ఆ గోడ 1947 ఏప్రిల్ 15న నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ తరఫున దిగేదాకా నిలబడింది. 1939లో యాన్సన్‌ని బేస్‌బాల్ మహామహుల వరసలో, కూపర్స్‌టౌన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్‌లో పెట్టారు. ఇక్కడ "ఆట వేరు, మనిషి వేరు" అని ఎలా అంటాం? ఎవరెవరు ఆడాలో నిర్ణయించడంలోకి అతని గుణం దిగింది కదా. కాబ్ అంకెలకి కూడా ఈ నీడ ఉంది, అది అతని స్వభావం వల్ల కాదు, ఆ కాలం వల్ల. అతను లీగ్‌లో ఎదుర్కొన్న పిచర్లలో (బంతి విసిరేవాళ్ళలో) ఒక్క నల్లజాతి పిచర్ కూడా లేడు.

2024 మేలో మేజర్ లీగ్ బేస్‌బాల్, ఆ గోడ అవతల నల్లజాతి ఆటగాళ్ళు విడిగా ఆడుకున్న నీగ్రో లీగ్స్ లెక్కల్ని తన అధికారిక రికార్డుల్లో కలిపింది. ఆ పొద్దున పట్టిక తెరిచి చూస్తే మొత్తం కెరీర్ సగటులో మొదటి పేరు కాబ్ కాదు, .372తో నీగ్రో లీగ్స్ ఆటగాడు జాష్ గిబ్సన్. గిబ్సన్ 1947 జనవరిలో, రాబిన్సన్ దిగడానికి మూడు నెలల ముందు, 35 ఏళ్ళకే చనిపోయాడు. నేను చాలాసేపు ఆ రెండు పేర్లనే చూస్తూ కూర్చున్నాను. నీ వ్యాసంలో "చరిత్రలోనే అత్యధిక సగటు కాబ్‌ది" అని ఉంది, దిద్దు. దిద్ది వదిలేయకు, ఎందుకు దిద్దాల్సొచ్చిందో ఒక పేరా రాయి. నీ వ్యాసానికి అదే గుండెకాయ అవుతుందని నాకనిపిస్తోంది.

బ్యారీ బాండ్స్ విషయంలో మరక నేరుగా అంకె మీదే పడింది. 762 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి), ఒకే సీజన్‌లో 73, ఏడుసార్లు ఎంవీపీ, అంటే ఆ ఏడాదికి అత్యంత విలువైన ఆటగాడు. స్టెరాయిడ్ల అనుమానం అతన్ని వదల్లేదు, 2011లో న్యాయప్రక్రియకి అడ్డుపడ్డాడని దోషిగా తేల్చారు, 2015లో అప్పీలు కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కనే ఉండాలి, ఒకటి రాసి ఇంకోటి మింగేస్తే అది మోసం. హాల్ ఆఫ్ ఫేమ్ కోసం బేస్‌బాల్ రచయితలు వేసే ఓటింగ్‌లో పదేళ్ళు నిలబడి, 2022లో చివరిసారి 66 శాతం దగ్గర ఆగిపోయాడు. కావల్సింది 75. అతను కొట్టిన 756వ హోమ్ రన్ బంతిని ఒక వ్యాపారి 7,52,467 డాలర్లకి కొని, ఏం చెయ్యాలో జనాన్నే ఓటెయ్యమన్నాడు, వాళ్ళు చెప్పినట్టు దానిమీద ఈ రికార్డు అనుమానమేనని చెప్పే నక్షత్రం గుర్తు (*) చెక్కించి కూపర్స్‌టౌన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియానికి ఇచ్చేశాడు. బంతి లోపలుంది, కొట్టినవాడు బయటున్నాడు.

పీట్ రోజ్ వేరు. 4,256 హిట్లు అతను నిజంగా కొట్టినవే, 1985లో కాబ్‌ని దాటినప్పుడు ఎవరికీ ఏ సందేహం లేదు. మేనేజర్‌గా సొంత జట్టు ఆటల మీదే పందేలు కాశాడు, 1989లో జీవితకాల నిషేధం పడింది, 2004 దాకా కాయలేదని బుకాయించాడు. చనిపోయాక, 2025 మేలో నిషేధం ఎత్తేశారు. అంకెల్లో మచ్చ లేదు, ఆట మీద జనానికుండే నమ్మకానికి దెబ్బ తగిలింది. బాండ్స్‌కి వాడిన మాటలు ఇతనికి వాడకు, ‘వివాదాస్పద’ అన్న మాటైతే ఇద్దరికీ వాడకు. అది ఏమీ చెప్పని మాట.

మన దగ్గర ఈ బాధ ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేను హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో అజహర్ మణికట్టు తిప్పినట్టు తిప్పాలని గల్లీలో గంటలు గంటలు ఆడినవాణ్ణి. 2000 డిసెంబర్‌లో బీసీసీఐ ఆయన మీద జీవితకాల నిషేధం వేసిన రాత్రి అన్నం తినలేదు. 2012లో మన హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. మధ్యలో పన్నెండేళ్ళు. మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలన్నది ఆ పన్నెండేళ్ళలోనూ మారలేదు, అప్పట్లో తొందరపడి తీర్పులు రాసినవాళ్ళ వాక్యాలూ ఎక్కడికీ పోలేదు.

నిజం దాచడం మన వృత్తికి పాత జబ్బే. ఒకప్పుడు అమెరికాలో ఆటల విలేకరులు జట్టుతోపాటే రైలెక్కి, జట్టు డబ్బుతోనే తిరిగేవాళ్ళు. ఎవరు తాగి పడిపోయారో, ఎవరి సంసారం ఏమైందో తెలిసినా రాసేవాళ్ళు కాదు. మికీ మ్యాంటిల్ 536 హోమ్ రన్ల వీరుడు, అతని తాగుడు లోపలివాళ్ళందరికీ తెలుసు. కాలేయం పాడై, మార్పిడి ఆపరేషన్ జరిగాక, 1995 జూలైలో డాలస్‌లో విలేకరుల ముందుకొచ్చి కూర్చుని తనని తానే చూపించుకుంటూ "నాలా ఉండకండి" అన్నాడు. మరుసటి నెలలోనే చనిపోయాడు. విలేకరులు దాచుకున్న వాక్యాన్ని చివరికి ఆ మనిషే చెప్పాల్సొచ్చింది. నాకు ఆ వీడియో చూసినప్పుడల్లా గొంతు పట్టేస్తుంది.

అభిమానుల్ని కూడా తక్కువ చేసి రాయకు. 2016లో షికాగో కబ్స్ 108 ఏళ్ళ తరవాత కప్పు గెలిచింది. ఆ జట్టులో ఆఖరి ఇన్నింగ్స్‌ల పిచర్ ఆరోల్డిస్ చాప్‌మన్, గృహహింస విధానం కింద ఆ ఏడాదే 30 ఆటల సస్పెన్షన్ పడ్డవాడు. క్రిమినల్ కేసు మాత్రం పెట్టలేదు. ఒక కబ్స్ అభిమాని ఏం చేసిందంటే, అతను ఒక ఆటని కాపాడిన ప్రతిసారీ గృహహింస బాధితులకి సాయం చేసే సంస్థకి పది డాలర్లు ఇస్తానంది, ఇచ్చింది, ఆమెని చూసి చాలామంది ఇచ్చారు. ఆమె ఆట చూడటం మానలేదు, కళ్ళూ మూసుకోలేదు. పేజీల కొద్దీ రాసి మనం చెప్పలేనిది ఆమె చేసి చూపించింది.

సరే, వదిలేశావన్నది ఏమిటో చెప్తాను. ఇక్కడ డెట్రాయిట్‌లో, టైగర్స్ ఆడే కొమెరికా పార్క్‌లో కాబ్ ఉక్కు విగ్రహం ఉంది. వేసవిలో మనవాళ్ళు పిల్లల్ని తీసుకుని ఆటకి వచ్చినప్పుడు ఆ విగ్రహాలవైపు చూపించి ఒక్కొక్కరి గురించీ చెప్తుంటారు. విగ్రహం ఉన్నవాడి పేరు అందరికీ తెలుస్తుంది. నీ వ్యాసంలో కాబ్ పేరు నలభైసార్లుంది, అతని జట్టువాళ్ళ పేర్లున్నాయి, లీగ్ అధ్యక్షుడి పేరుంది. దెబ్బలు తిన్నవాడు మాత్రం మొదటినుంచి చివరిదాకా "ఒక వికలాంగ ప్రేక్షకుడు". ఈ ఉత్తరంలో నేనూ ఇప్పటిదాకా అలాగే రాశాను, చదువుతుంటే నీకు లోటు తెలియలేదు కదా? అతనికీ పేరుంది. క్లాడ్ లూకర్. మిగతా దిద్దుబాట్లు నిదానంగా చూసుకుందాం, ముందు ఆ పేరు పెట్టి ఆ పేరా ఒక్కటి తిరగరాసి పంపు.

ప్రేమతో,
అన్నయ్య