సీడీ4 పెరగాలంటే ఏ విటమిన్ వేసుకోవాలి?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాను. హెచ్‌ఐవీకి మూడేళ్లుగా రోజూ రాత్రి టీఎల్‌డీ మాత్ర వేసుకుంటున్నాను. గత పరీక్షలో వైరస్ కనిపించలేదు. సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) మాత్రం 430 దగ్గరే ఉంది. ఇమ్యూనిటీ పెరుగుతుందని మెడికల్ షాపులో జింక్, ఐరన్ ఉన్న మల్టీవిటమిన్ క్యాప్సూల్ ఇచ్చారు. మర్చిపోతానని రెండూ కలిపి పడుకోబోయే ముందు వేసుకుంటున్నాను. ఇంతకంటే మంచి విటమిన్ ఉందా డాక్టర్‌గారూ?
– ఒక పాఠకుడు

జవాబు: మంచి విటమిన్ సంగతి తర్వాత. ముందు ఆ రెండూ కలిపి వేసుకోవడం ఆపండి.

టీఎల్‌డీలో డోలుటెగ్రవిర్ అనే మందు ఉంటుంది. జింక్, ఐరన్, క్యాల్షియం, మెగ్నీషియం దానికి పడవు. ఖాళీ కడుపుతో కలిపి వేసుకుంటే అవి మందును పట్టేసుకుంటాయి, రక్తంలోకి చేరాల్సినంత చేరదు. మీకు వైరస్ అదుపులోనే ఉంది కాబట్టి కంగారు అక్కర్లేదు. ఇలాగే సాగితే మాత్రం వైరస్ మందుకు లొంగకుండా పోయే ప్రమాదం ఉంది. క్యాప్సూల్ పొద్దున టిఫిన్ తిన్నాక, టీఎల్‌డీ ఎప్పటిలాగే రాత్రి వేసుకోండి. ఇలాంటివి టీఎల్‌డీకి ఆరు గంటల ముందు గానీ, రెండు గంటల తర్వాత గానీ వేసుకోవాలన్నది లెక్క. అసిడిటీకి తాగే గులాబీ రంగు మందుకూ ఇదే వర్తిస్తుంది. రాత్రి బిర్యానీ తిని, ఛాతీ మండితే అది తాగి, వెంటనే మాత్ర వేసుకునేవాళ్లు మన ఊళ్లో ఉంటారు మరి!

ఇక మీ ప్రశ్న. రోగనిరోధక శక్తికి విటమిన్లు కావాల్సిందే. పేగుల లోపలి పొర గట్టిగా ఉండాలంటే విటమిన్-ఎ, కొత్త తెల్లరక్తకణాలు తయారవ్వాలంటే బీ12, ఫోలేట్ ఉండాలి. అయితే లోపం ఉంటే పూడ్చుకోవడం వేరు, ఎక్కువ మింగితే సీడీ4 పెరుగుతుందనుకోవడం వేరు. టాంజానియాలో ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపు చేసే మందుల చికిత్స) అందని గర్భిణులకు బీ, సీ, ఈ విటమిన్లు ఇస్తే జబ్బు ముదరడం కొంత ఆలస్యమైందని 2004లో తేలింది. అదే దేశంలో ఏఆర్‌టీ మొదలుపెట్టినవాళ్లకు పెద్ద మోతాదులో ఇచ్చి చూస్తే అదనపు మేలేమీ కనబడలేదని, పైగా కొందరిలో కాలేయ ఎంజైమ్ పెరిగిందని 2012లో వెల్లడైంది. మీరు ఈ రెండో కోవకే వస్తారు. మీ సీడీ4ను కాపాడుతున్నది టీఎల్‌డీయే. ఆ అంకె పరీక్ష పరీక్షకూ కాస్త అటూ ఇటూ అవుతూనే ఉంటుంది, దాని వెంట పడకండి.

పరీక్ష చేయించుకోదగ్గవి డీ, బీ12. శాకాహారులైతే బీ12 మరీ ముఖ్యం. టీఎల్‌డీలోనే ఉండే టెనోఫోవిర్ అనే మందు వల్ల ఎముకలు కొంత పలచబడొచ్చు కాబట్టి డీ తక్కువగా ఉంటే సరిచేసుకోవాలి. అలాగని 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లు సొంతంగా నెలల తరబడి తాగకండి. రక్తంలో క్యాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి, టెనోఫోవిర్ వాడేవాళ్లు కిడ్నీలను అసలే కనిపెట్టుకుని ఉండాలి. టీబీ రాకుండా ఐసోనియాజిడ్ ఇచ్చినప్పుడు దానితో ఇచ్చే బీ6ను మాత్రం మానొద్దు. మిగతా వాటికి గుడ్డు, పప్పు, మునగాకు, జామకాయ చాలు.

ఈసారి ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్లేటప్పుడు ఆ క్యాప్సూల్ స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి. ఎన్నాళ్లుగా కలిపి వేసుకుంటున్నారో దాచకుండా చెప్పండి. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే) పరీక్ష ముందుగానే చేయించాలో లేదో అక్కడి డాక్టరు చూస్తారు. ఈలోగా సందేహాలుంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.