పోస్టరులో తేదీ తప్పు, వత్తుల గొడవ

ప్రశ్న: మా కాలనీ సంఘం నెలకోసారి ఎనిమిది పేజీల సమాచార పత్రిక వేస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన వైద్య శిబిరం పోస్టరులో తేదీ, ఊరు తప్పు పడ్డాయి. ఆ అక్షరాలు మాత్రం మార్చవచ్చా? ఫొటోషాప్‌లో కొడితే వత్తులు విడిపోతున్నాయి.
- ఒక పాఠకుడు, కావలి

జవాబు: ముందు పోస్టరు చేసిన డీటీపీ వాళ్లనడిగి పీఎస్‌డీ (ఫొటోషాప్ అసలు ఫైలు) గానీ కోరెల్ (మరో డిజైన్ సాఫ్ట్‌వేర్) ఫైలు గానీ తెప్పించుకోండి. దొరికితే రెండు నిమిషాల పని. దొరక్కపోతే మీ దగ్గరున్న జేపీజీ బొమ్మే గతి; అందులో ఉన్నవి అక్షరాలు కావు, రంగు చుక్కలు (పిక్సెళ్లు). చెరిపి, వెనకున్న రంగు పూడ్చి, మళ్లీ రాయాల్సిందే. ఆ జేపీజీనైనా వాట్సాప్‌లో ‘డాక్యుమెంట్‌’గా పంపమనండి, ఫొటోగా పంపితే కుదించుకుపోతుంది. అచ్చులో 3 అంగుళాల వెడల్పుకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) చొప్పున 900 పిక్సెళ్లు కావాలి.

జేపీజీలో అక్షరాల చుట్టూ సన్నటి మసక ఉంటుంది. అక్షరం అంచువరకే చెరిపితే పాత రాత నీడలా కనబడుతుంది. 4, 5 పిక్సెళ్లు అవతలిదాకా సెలెక్ట్ చేయండి. ఒకే రంగు నేలయితే, బొమ్మలోంచి రంగు పట్టే ఐడ్రాపర్‌ను 5×5 సగటుకు పెట్టి రంగు తీసుకుని నింపండి. పైనుంచి కిందికి రంగు మారుతుంటే అదే ఎత్తులో పక్కనున్న ఖాళీ ముక్కను కాపీ చేసి అతికించండి. పైనుంచి తెస్తే పట్టీ తేలుతుంది. వెనక ఫొటో ఉంటే, పక్క భాగాన్ని కాపీ చేసి అద్దే క్లోన్ స్టాంపే గతి.

ఇక వత్తులు. ఫొటోషాప్ పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్, టైప్‌లో ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’ ఎంచుకుని, కొత్త ఫైలు తెరిచి కొట్టండి. మండలి, రామభద్ర వంటి యూనికోడ్ (అన్ని భాషలకూ ఒకే ప్రామాణిక కోడింగ్) ఫాంటు వాడండి. డీటీపీలో వాడే అను ఫాంట్ల కోడింగ్ వేరు, యూనికోడ్ పాఠం వాటిలో సరిగా పడదు. పరీక్షకు ‘ఒంగోలు’ కొట్టి బాగుందనుకోకండి, అందులో వత్తే లేదు! ‘నెల్లూరు’ కొట్టండి, లావత్తు కిందికి దిగితే సెట్టింగు కుదిరినట్టే. ఫొటోషాప్ లాంటిదే, ఉచితంగా దొరికే గింప్‌లో ఈ తిప్పలు ఉండవు.

కొత్త అక్షరాలు మరీ పదునుగా, అతికించినట్టుంటే ఆ లేయరుకు (పొరకు) 0.3 నుంచి 0.5 పిక్సెళ్ల గాసియన్ బ్లర్ (మసకబరిచే ఫిల్టరు) ఇవ్వండి. మధ్యలో జేపీజీగా సేవ్ చేయొద్దు, చేసినప్పుడల్లా నాణ్యత పోతుంది. లేయర్ల ఫైలు దాచుకుని, చివర్లో ఒక్కసారే జేపీజీ తీయండి.

ఇదంతా ప్రకటన పోస్టర్లకే, అదీ నిర్వాహకులకు చెప్పాకే. జరిగిన సభ ఫొటోలో బ్యానరు మీద తప్పుంటే మాత్రం ముట్టుకోకండి, సరైన తేదీ ఫొటో కింద వ్యాఖ్యలో వేయండి.